దూరదేశ యుద్ధం - స్వదేశ రాజకీయం

2021 ఆగస్టు 15వ తేదీన తాలిబాన్ సేనలు చెప్పుకోదగిన ప్రతిఘటన లేకుండానే కాబూల్ నగరంలో ప్రవేశించాయి. దేశాధ్యక్షుడు అష్రఫ్ ఘనీ ఆనాడే దేశం విడిచి వెళ్ళారు. పదిహేను దినాల తరువాత, ఆగస్టు 30 నాటి రాత్రి, అమెరికా సైన్యపు చివరి విమానం కాబూల్ విమానాశ్రయం నుండి లేచిపోయింది. 2001 అక్టోబరు 7న బాంబుల వర్షంతో మొదలైన యుద్ధం ఇరువది సంవత్సరాలకు ఈ విధంగా ముగిసింది. ఎవరిని గద్దె దింపడానికి ఆ యుద్ధం ఆరంభమైనదో, వారే తిరిగి గద్దెనెక్కారు.

ఈ పరిణామాన్ని గూర్చి పత్రికలలోను, మిత్రగోష్ఠులలోను తరచు వినవచ్చిన మాట ఒకటున్నది. ఆఫ్ఘనిస్తాన్ సామ్రాజ్యాల శ్మశానమట; అక్కడికి వెళ్ళినవాడెవడూ గెలిచి తిరిగి రాలేదట. వినడానికి గంభీరంగా ఉన్న ఈ మాట మాకు సమ్మతం కాదు. బాబరు 1504లో కాబూల్‌ను వశపరచుకొన్నాడు. అక్కడినుండియే హిందూస్థానంపై దండెత్తి వచ్చాడు. ఆగ్రాలో మరణించిన పిదప అతని భౌతికకాయం తుదకు కాబూల్‌లోని తోటకే చేరింది. 1738లో నాదిర్ షా వచ్చి పట్టుకొనే వరకు ఆ నగరం మొత్తంమీద మొగలుల ఏలుబడిలోనే ఉండినది. రెండు శతాబ్దాలకు పైగా ఒక సామ్రాజ్యంలో భాగంగా ఉన్న నగరాన్ని సామ్రాజ్యాల శ్మశానమనుట ఎట్లు? కొండలమీదికి నేరం నెట్టివేస్తే నిర్ణయాలు చేసిన మనుషులు నిర్దోషులై బయటపడతారు. ఆ నిర్ణయాలనే మేమిక్కడ పరిశీలింపదలచాము.

మా అభిప్రాయం ఇది: ఆ ఇరువది సంవత్సరాలలో జరిగిన ముఖ్య నిర్ణయాలలో అధికభాగం కాబూల్, కందహార్‌ల అవసరాలను చూచి చేసినవి కావు, వాషింగ్టన్ రాజకీయపు అవసరాలను చూచి చేసినవి. సేనానులు పన్నిన వ్యూహాలలో కొన్ని తెలివైనవే. సైనికుల ధైర్యానికి లోటు లేదు. ధనానికి అసలే లోటు లేదు. కాని యుద్ధభూమి ఒక పంచాంగాన్ని అనుసరించి నడుస్తుండగా, యుద్ధాన్ని నడిపేవారు ఎన్నికల పంచాంగాన్ని చూచుకొంటూ వచ్చారు.

మొదటి విజయం నుండియే ఆరంభిద్దాము. 2001 నవంబరు 13న కాబూల్, డిసెంబరు మొదటి వారంలో కందహార్ తాలిబాన్ల చేతినుండి జారిపోయాయి. డిసెంబరు 5న జర్మనీలోని బాన్ నగరంలో కొత్త ప్రభుత్వ నిర్మాణానికి ఒడంబడిక జరిగింది. ఆ సమావేశంలో తాలిబాన్లకు వ్యతిరేకులైన వర్గాలన్నీ ఉన్నాయి. ఓడినవారికి మాత్రం స్థానం లేదు. దానిని నడిపించిన ఐక్యరాజ్యసమితి దూత లఖ్దర్ బ్రాహిమీ అది పొరపాటని తరువాతి కాలంలో తానే అంగీకరించారు. న్యూయార్క్‌లో వేలాది అమాయకులు హతులై అప్పటికి మూడు నెలలైనా నిండలేదు. ఆ స్థితిలో తాలిబాన్లను పిలిచి మాట్లాడుదామనే నాయకుడు అమెరికాలో ఒక్క దినమైనా నిలువగలిగేవాడు కాడు. ఆ కోపం సహజమే. అయితే శత్రువు మిక్కిలి బలహీనుడై ఉన్న ఆ వేళనే సంధికి అనువైన కాలం గడచిపోయింది. మళ్ళీ వారిని చర్చలకు పిలిచేనాటికి వారికి సంధి అక్కరలేనంత బలం వచ్చియున్నది.

కౌటిల్యుని అర్థశాస్త్రంలో పదమూడవ అధికరణంలో లబ్ధప్రశమనమనే ప్రకరణం ఉన్నది. జయించిన దేశాన్ని శాంతింపజేసే విధానం అందులోని విషయం. జయించినవాడు ఆ ప్రజల వేషభాషలను, ఆచారాలను తనవిగా చేసుకోవలెనని అందులో చెప్పబడింది. ఇబ్న్ ఖల్దూన్ 14వ శతాబ్దిలో ఇదే సమస్యను మరొక వైపునుండి చూచాడు. ఒక జనసమూహాన్ని కలిపి నిలిపే బంధానికి ఆయన అసబియ్యత్ అని పేరు పెట్టాడు. రాజ్యానికి పునాది ఆ బంధమేగాని ఖజానా కాదన్నది ఆయన సిద్ధాంతసారం. ఈ ఇద్దరి గ్రంథాలూ అమెరికా సైనిక విద్యాలయాల గ్రంథాలయాలలో లేకపోలేదు. చదివినవారికి నిర్ణయాధికారం లేదు. నిర్ణయాధికారం ఉన్నవారికి చదివే తీరిక లేదు.

2003 మే 1న అమెరికా రక్షణమంత్రి రమ్స్‌ఫెల్డ్ కాబూల్‌లో నిలబడి ప్రధాన యుద్ధకార్యం ముగిసిందని ప్రకటించారు. అప్పటికి ఆరు వారాల ముందే ఆ దేశం ఇరాక్‌పై దండెత్తియున్నది. సైన్యం, ధనం, మేధస్సు అన్నీ అటు మళ్ళాయి. ఆఫ్ఘన్ యుద్ధం కొన్ని సంవత్సరాలపాటు మరుగున పడింది. ఆ మరుగులోనే తాలిబాన్లు కోలుకొన్నారు.

ఇక 2009వ సంవత్సరం. దూరదేశ యుద్ధాన్ని గూర్చి తెలుసుకోగోరే విద్యార్థి మిగిలిన సంవత్సరాలను విడిచిపెట్టినా ఈ ఒక్క సంవత్సరాన్ని తప్పక చదువవలెను. ఆ ఏడు మే నెలలో సేనాని మెక్‌కీర్నన్‌ను తొలగించి మెక్‌క్రిస్టల్‌ను నియమించారు. కొత్త సేనాని వ్యూహం ఇది: శత్రువులను చంపుట ముఖ్యం కాదు, ప్రజలను రక్షించుట ముఖ్యం; గ్రామాలలో నిలిచి వారి విశ్వాసం సంపాదించి, ప్రభుత్వాన్ని అక్కడికి తీసుకొని రావలెను. ఇందుకు ఆయన సుమారు 40 వేల అదనపు సైన్యం కోరారు. ఆనాడు కాబూల్‌లో అమెరికా రాయబారిగా ఉన్న ఐకెన్‌బెర్రీ తానూ ఒకనాటి సేనానియే. ఆయన నవంబరులో తన ప్రభుత్వానికి రహస్యంగా వ్రాస్తూ, అధ్యక్షుడు కర్జాయ్ ఈ వ్యూహానికి తగిన భాగస్వామి కాడని హెచ్చరించారు. ఆ ఏడు ఆగస్టులో జరిగిన అధ్యక్ష ఎన్నికలలో కర్జాయ్‌కి పడినట్లు చూపిన వోట్లలో సుమారు పది లక్షలు విచారణ అనంతరం రద్దయ్యాయి. ఏ ప్రభుత్వంపై గ్రామీణులకు విశ్వాసం కలిగించవలెనని సైన్యం బయలుదేరినదో, ఆ ప్రభుత్వపు స్థితి ఇది.

2009 డిసెంబరు 1న అధ్యక్షుడు ఒబామా వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో తన నిర్ణయం ప్రకటించారు. 30 వేల మందిని అదనంగా పంపుతాము. 18 నెలల అనంతరం, 2011 జూలైలో, వెనుకకు పిలువనారంభిస్తాము. రెండు మాటలూ ఒకే ప్రసంగంలో! స్వదేశంలో దీనికి కారణాలు లేకపోలేదు. 2008 ఆర్థిక సంక్షోభపు దెబ్బ ఇంకా తగ్గలేదు. సొంత పక్షంలోనే యుద్ధంపై విముఖత పెరిగింది. మొదటి మాట సేనానుల కోసం, రెండవది వోటర్ల కోసం అని తెలియడానికి గొప్ప పరిజ్ఞానం అక్కరలేదు. కాని ఆ ప్రసంగాన్ని విన్న మూడవ శ్రోత ఒకడున్నాడు. అతడు హెల్మండ్‌లో పొలం దున్నుకొనే రైతు. పగలు అమెరికా సైనికుడు వచ్చి మా పక్షాన నిలువమంటాడు. రాత్రి తాలిబాన్ వచ్చి నిలిచితివా తల తీస్తానంటాడు. మొదటివాడు ఎప్పుడు వెళ్ళిపోతాడో అతని అధ్యక్షుడే చెప్పివేశాడు. రెండవవాడు ఎక్కడికీ పోడు. అతడు పక్క ఊరివాడే. ఆ రైతు స్థానంలో మేమున్నా, పాఠకులున్నా, ఎవరి మాట వినెదము?

2010 ఫిబ్రవరిలో హెల్మండ్‌లోని మార్జాపై గొప్ప దాడి జరిగింది. స్థలం చేజిక్కింది. ప్రభుత్వాన్ని పెట్టెలో సిద్ధంగా పెట్టి తెచ్చినట్లు అక్కడ దించగలమని మెక్‌క్రిస్టల్ భావించారు. పెట్టె తెరచి చూచిన ప్రజలకు పాలన కనిపించలేదు. ఆ జూన్‌లోనే ఒక పత్రికా వ్యాసంలో వెలువడిన వ్యాఖ్యల కారణంగా ఆయన పదవి పోయింది. ఆయన స్థానంలో పెట్రేయస్ వచ్చారు. మరుసటి సంవత్సరం ఆయనా వెళ్ళారు. సేనానులు ఏడాదికో రెండేండ్లకో మారుతూ ఉంటే, కింది దళాలు ఆరేడు నెలలకో సంవత్సరానికో మారేవి. వచ్చిన ప్రతివాడూ పరిస్థితి విషమంగా ఉన్నదని చెప్పి పని ఆరంభించేవాడు. మెరుగుపడినదని చెప్పి వెళ్ళిపోయేవాడు. 2011 జూన్‌లో ఉపసంహరణ వివరాలు వెలువడ్డాయి. అదనంగా వచ్చినవారందరూ 2012 సెప్టెంబరు లోపల తిరిగి రావలెను. సేనానులు మరికొంతకాలం కోరారు. అక్కడ పోరు ఉధృతంగా సాగేది వేసవిలో. అమెరికాలో అధ్యక్ష ఎన్నిక నవంబరులో. ఏ పంచాంగం నెగ్గినదో వేరుగా చెప్పనక్కరలేదు.

యుద్ధరంగానికి సరకు చేరే దారిని గూర్చి కూడా చెప్పవలసియున్నది. ఇట్టి విషయాలను మన చర్చలలో ఎవరూ ఎత్తరు. ఆఫ్ఘనిస్తాన్‌కు సముద్రతీరం లేదు. లక్ష మంది సైనికులకు కావలసిన ఇంధనం, ఆహారం, సామగ్రిలో పెద్దభాగం కరాచీ రేవులో దిగి, లారీలలో తోర్ఖం, చమన్ సరిహద్దులు దాటి పోవలెను. దేశం లోపల ఆ లారీలను నడిపించుటకు అమెరికా సైన్యం 216 కోట్ల డాలర్ల గుత్తలు ఇచ్చింది. 2010 జూన్‌లో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ఉపసంఘం ఒకటి ఈ గుత్తలపై విచారణ జరిపి నివేదిక వెలువరించింది. లారీలు క్షేమంగా పోవుటకు దారిపొడవునా సాయుధ ముఠానాయకులకు సొమ్ము ముట్టుచున్నదనీ, అందులో కొంత తాలిబాన్లకే చేరుతూ ఉండవచ్చుననీ దాని సారాంశం. కంచే చేను మేయుట మనమెరిగినదే. ఇక్కడ చేను యజమానియే కంచెకు మేతకూలి ఇచ్చాడు.

ఆ లారీలు దాటివచ్చిన దేశంలోనే తాలిబాన్ నాయకులకు ఆశ్రయం దొరికింది. 2011 మే 2న ఒసామా బిన్ లాడెన్ హతుడైనది పాకిస్తాన్ సైనిక విద్యాలయానికి సమీపంలోని అబోటాబాద్‌లో. అదే ఏడు నవంబరులో సరిహద్దువద్ద అమెరికా కూటమి దాడిలో 24 మంది పాకిస్తాన్ సైనికులు మరణించగా, ఆ దేశం దారులు మూసివేసింది. 2012 జూలై వరకు అవి తెరుచుకోలేదు. ఎవరిపై ఒత్తిడి తేవలెనో వారి ఇంటి గుమ్మంగుండానే అన్నం రావలసియున్నప్పుడు ఎంతటి అగ్రరాజ్యమైనా ఏమి చేయగలదు? పటంమీద మొదటి దినమే కనిపించే సమస్య ఇది. ఏ వ్యూహంలోనూ దీనికి పరిష్కారం లేకపోయింది.

ఆఫ్ఘన్ జాతీయ సైన్యాన్ని గూర్చి జరిగిన దుష్ప్రచారాన్ని కూడా మేము ఖండించవలసియున్నది. వారు పోరాడలేదని, పోరాడే ఇచ్ఛయే వారికి లేదని 2021 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్ ధ్వనింపజేశారు. 2014లో తాను పదవిలోకి వచ్చిన పిదప 45 వేలమంది భద్రతాసిబ్బంది మరణించారని ఘనీ 2019 జనవరిలోనే ప్రకటించియున్నారు. ఇరువది సంవత్సరాల మొత్తం 66 వేలకు తక్కువ కాదని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క. అమెరికా సైనికులలో మరణించినవారు సుమారు 2,400 మంది. ఆ మరణాలనూ తక్కువచేసి చెప్పుట మా ఉద్దేశం కాదు. అయినా ఏ పక్షం ఎంత రక్తం ధారపోసినదో ఈ అంకెలు చెప్పకనే చెప్పుచున్నవి.

ఆ సైన్యంలో లోపాలు లేవని కాదు. కాగితంమీద మూడు లక్షలు దాటిన సంఖ్యలో జీతం పుస్తకంలో మాత్రమే ఉన్న సైనికులు ఎందరో ఉన్నారు. వాపును చూచి బలుపని భ్రమించినట్లయింది. అంతకన్న పెద్ద లోపం దాని నిర్మాణంలోనే ఉన్నది. 8 వేల కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి, అమెరికా తన పోలికలోనే మరొక సైన్యాన్ని తయారుచేయబోయింది. ఆఫ్ఘన్ వైమానికులకు, యంత్రకారులకు అలవాటైన రష్యా తయారీ ఎం.ఐ.-17 హెలికాప్టర్లకు బదులు 2017 నుండి బ్లాక్ హాక్‌లు ఇవ్వనారంభించింది. వాటి మరమ్మతు విదేశీ గుత్తేదారులు చేయవలసినదే. 2021లో ఆ గుత్తేదారులు వెళ్ళిపోయారు. దూరపు ఠాణాలలో ఉన్న సైనికుడికి తూటాలు, రొట్టె, గాయపడితే ఆస్పత్రికి ప్రయాణం అన్నీ ఆకాశంనుండియే రావలెను. ఆకాశం మూసుకొనిపోయిన తరువాత అతడు లొంగిపోతే దానిని పిరికితనమందుమా?

సోవియట్ అనుభవంతో పోల్చి చూస్తే ఈ విషయం మరింత తేటపడుతుంది. 1979 డిసెంబరులో వచ్చిన సోవియట్ సేనలు సుమారు 15 వేలమందిని పోగొట్టుకొని 1989 ఫిబ్రవరి 15న అమూ దర్యా వంతెన దాటి వెళ్ళిపోయాయి. వారు నిలిపిన నజీబుల్లా ప్రభుత్వం కొన్ని వారాలలో కూలుతుందని అందరూ ఊహించారు. ఆ మార్చిలోనే ముజాహిదీన్లు జలాలాబాద్‌ను ముట్టడించి విఫలులయ్యారు. మాస్కో నుండి చమురు, ఆయుధాలు, ధనం వచ్చినంతకాలం ఆ ప్రభుత్వం నిలిచింది. 1991 డిసెంబరులో సోవియట్ యూనియనే అంతరించింది. నజీబుల్లా 1992 ఏప్రిల్ వరకు ఉన్నారు. నిలిపినవారికంటె నిలిచినవాడే కొన్ని నెలలు ఎక్కువ బ్రతికాడు! ఘనీ ప్రభుత్వం అమెరికా సైన్యం పూర్తిగా వెళ్ళకముందే పడిపోయింది. సోవియట్ దండయాత్రను మేము సమర్థించుట లేదు. లక్షలాది ఆఫ్ఘన్లు అందులో నశించారు. కాని వెళ్ళేటప్పుడు వెనుక మిగిలినవాని చేతిలో వాడు నడుపగలిగిన యంత్రాన్ని పెట్టి వెళ్ళుట ఒక విజ్ఞత.

2017 ఆగస్టులో అధ్యక్షుడు ట్రంప్, ఇకమీదట తేదీలు చెప్పము, పరిస్థితులను బట్టియే నడచుకొంటామన్నారు. ఆ మాట సరియైనదే. ఆ అధ్యక్షుని ప్రభుత్వమే 2020 ఫిబ్రవరి 29న, ఎన్నికల సంవత్సరంలో, దోహాలో తాలిబాన్లతో తేదీ వేసి ఒడంబడిక చేసుకొన్నది. 2021 మే 1 నాటికి విదేశీ సైన్యాలన్నీ వెళ్ళిపోవలెను. కాబూల్ ప్రభుత్వానికి ఆ ఒడంబడికలో భాగం లేదు. కాని అయిదువేలమంది వరకు తాలిబాన్ ఖైదీలను విడువవలసిన భారం మాత్రం దానిమీదనే పడింది. బాన్‌లో తాలిబాన్లు లేరు, దోహాలో ప్రభుత్వం లేదు. ఆఫ్ఘన్లు ఇరుపక్షాలూ ఒకచోట కూర్చుండి తేల్చుకోవలసిన వ్యవహారం ఇరువది సంవత్సరాలలో ఒక్క మారైనా సక్రమంగా ఆరంభం కాలేదు. ఏయే జిల్లాలు ఎవరి అధీనంలో ఉన్నవో లెక్కగట్టే పనిని సైతం అమెరికా సైన్యం 2019 నాటికి మానుకొన్నది. లెక్క అనుకూలంగా లేనప్పుడు లెక్కనే మానివేయుట యుద్ధనీతిలో కొత్త అధ్యాయం.

తదుపరి అధ్యక్షుడు బైడెన్ ఆ గడువును సెప్టెంబరు 11కు మార్చారు. ఆ తేదీకి న్యూయార్క్‌లో అర్థమున్నది. కందహార్‌లో అది పోరాటపు ఋతువు నడిమిభాగం. ఆగస్టు 6న మొదట పతనమైన ప్రాంతీయ రాజధాని జరంజ్. ఆ ఊరినుండి దెలారాం వరకు 218 కిలోమీటర్ల రహదారిని నిర్మించి ఇచ్చినది మన భారతదేశమే. తరువాతి తొమ్మిది దినాలలో హేరాత్, కందహార్, మజారె షరీఫ్, చివరకు కాబూల్.

అమెరికా మరికొన్ని దశాబ్దాలు అక్కడ ఉండవలసినదని, దక్షిణ కొరియాలో 1953 నుండి నేటివరకు లేదా అని వాదించేవారున్నారు. కొరియాలో యుద్ధవిరామరేఖ ఒకటున్నది. ఆ రేఖకు ఇవతల తమదని ప్రజలు భావించుకొన్న రాజ్యం ఉన్నది. ఈ రెండూ లేనిచోట ఎన్ని దశాబ్దాలున్నా గడువు పొడిగించుటయే అవుతుంది. మా దృష్టిలో చేయవలసిన పని 2002లోనో, కనీసం లక్ష సైన్యం ఉన్న 2010లోనో, బలంగా ఉన్నప్పుడే సంధికి కూర్చుండుట. బలవంతుడు సంధి అడిగితే స్వదేశంలో పిరికివాడంటారన్న భయమే దానికి అడ్డుపడింది.

పరదేశాన్ని విమర్శించుట సులభమనవచ్చును. మన దేశానికీ ఈ అనుభవం ఉన్నది. 1987 జూలై 29 నాటి ఒడంబడిక ప్రకారం మన శాంతిసేన శ్రీలంకకు వెళ్ళింది. ఎవరి రక్షణకు వెళ్ళినదో ఆ తమిళుల పక్షాన పోరాడే ఎల్.టి.టి.ఇ.తోనే కొన్ని నెలలకు యుద్ధం చేయవలసివచ్చింది. పిలిచిన అధ్యక్షుడు జయవర్ధనే దిగిపోయి, పొమ్మనే ప్రేమదాస వచ్చారు. ఢిల్లీలోను ప్రభుత్వం మారింది. సుమారు 1,200 మందిని కోల్పోయి 1990 మార్చిలో మన సేన తిరిగి వచ్చినప్పుడు మద్రాసు రేవులో వారికి స్వాగతం పలుకుటకు తమిళనాడు ముఖ్యమంత్రి వెళ్ళలేదు. అంతకు పూర్వం, 1842 జనవరిలో కాబూల్ నుండి వెనుదిరిగి మంచులో నశించిన ఆంగ్లసేనలో అత్యధికులు హిందూస్థానీ సిపాయిలు, వారి వెంటనున్న పన్నెండువేల పరిచారకులు. ఆ చరిత్రను చెప్పేవారందరూ జలాలాబాద్ చేరిన డాక్టర్ బ్రైడన్ పేరు చెబుతారు. ఆ సిపాయిల పేర్లు ఎవరికీ తెలియవు. యుద్ధపు ఖర్చు సైతం మన ప్రజల పన్నులనుండియే చెల్లింది.

నేటి యుద్ధానికి అమెరికా వెచ్చించినది రెండు లక్షల కోట్ల డాలర్లకు మించినదని అంచనా. అందులో అధికభాగం అప్పు. నిర్బంధ సైనికసేవ లేదు. అందువలన వియత్నాం కాలంలోవలె ప్రతి ఇంటా తలుపు తట్టిన యుద్ధం కాదు. పన్ను పెరగలేదు, పిల్లవాడు పోలేదు. కాబట్టి వోటరు దానిని మరచిపోగలిగాడు. మరచిపోలేనివారు అక్కడ ఉన్నారు. కాబూల్ పడిన కొద్ది వారాలకే ఆరవ తరగతి దాటిన బాలికలకు పాఠశాలలు మూతపడ్డాయి. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాల ద్వారాలూ స్త్రీలకు మూసివేశారు. ఇరువది సంవత్సరాలలో చదువుకొన్న ఒక తరం యువతులు డిగ్రీలు చేతబట్టుకొని ఇంట కూర్చున్నారు.

మన నగరంలోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆఫ్ఘన్ విద్యార్థులు చాలాకాలంగా చదువుచున్నారు. 2021లో కోవిడ్ కారణంగా స్వదేశానికి వెళ్ళి, కళాశాలలు తెరిచినప్పుడు తిరిగి రాదలచినవారు భారతదేశమంతటా అనేకులుండిరి. ఆగస్టు 25న మన ప్రభుత్వం ఆఫ్ఘన్లకు అంతకుముందు ఇచ్చిన వీసాలన్నిటినీ రద్దుచేసింది. భద్రతాకారణాలు చెప్పబడ్డాయి. కొత్త పద్ధతిలో దరఖాస్తు పెట్టుకొన్న విద్యార్థులలో ఎందరికో జవాబు రాలేదు. కొందరు కాబూల్‌లో విద్యుత్తు ఉన్న వేళలలో ఫోన్లమీద పాఠాలు విని పరీక్షలు వ్రాశారు. కొందరి చదువు అక్కడితో ఆగిపోయింది.